కొండమ్మ చేటలో తుపాకీ గుండ్లు

కొండమ్మ చేటలో పోసి ఏరకుండా ఏదీ కొనదు. బియ్యం, కందిపప్పు, ఎండుమిర్చి అంటే సరే, అందరూ ఏరుతారు. కొండమ్మ చొక్కా గుండీలు ఏరుతుంది. అగ్గిపుల్లలు ఏరుతుంది. ఒకసారి మందుల దుకాణంలో జ్వరం బిళ్లల్ని చేటలో పోయించి, అంచు విరిగినవి వెనక్కి ఇచ్చేసిందని తర్వాత విన్నాను. ఇంకెవరి గురించైనా అయితే నమ్మేవాణ్ని కాదు. అబిడ్స్‌లోని తుపాకుల దుకాణంలో ఆమెను చూసినవాణ్ని కాబట్టి అదీ నమ్మాను.

ఆ రోజు నేను లైసెన్సుల మీద ఏదో వార్త కోసం వెళ్లి, దుకాణం యజమాని రత్నాకర్ ఎదురుగా కూర్చున్నాను. అక్కడ ఎవరూ గొంతు పెంచరు. అద్దాల వెనక రైఫిళ్లు, కౌంటరు ముందు మీసాలు, మొత్తం వ్యవహారం గంభీరంగా ఉంటుంది. ఆ గాంభీర్యంలోకి ఒకావిడ బట్టల సంచితో తలుపు తోసుకుని వచ్చింది. పేరు కొండమ్మ అనీ, జనవరిలో మొదలయ్యే నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కాల్చే ఆట పెడతాననీ, ఎయిర్ రైఫిల్‌కు గుండ్లు కావాలనీ చెప్పింది. రత్నాకర్ ఒక విదేశీ డబ్బా, రెండు మన దేశానివి చూపించాడు. అన్నిటికన్నా చవకది ఏదని అడిగి, చూపించగానే సంచిలోంచి చేట తీసింది. నేల మీద కూలబడి డబ్బా మూత విప్పి గలగలా పోసేసింది.

ఒక మీసాలాయన ఒకడుగు వెనక్కి వేశాడు. రత్నాకర్ కౌంటరు మీదుగా ముందుకు వంగాడు.

“అమ్మా, అవి తుపాకీ గుండ్లు.”

“ఏరకుంట బియ్యమే కొనను సేటూ. గుండ్లు కొంటనా?”

చెరిగింది. సీసపు గుండ్లు చేటలో ఎగిరి పడుతుంటే దుకాణమంతా ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత కళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ వేరు చేసింది. నిండుగా ఉన్నవి ఒక పక్క, అంచు నొక్కుకుపోయిన సొట్టవి ఒక పక్క. చవక డబ్బాల్లో సొట్టవి ఎక్కువేననీ, అలాంటి గుండు తుపాకీ దాటగానే తాగినవాడిలా తూలుతుందనీ రత్నాకర్ నా చెవిలో చెప్పాడు. ఇక తప్పదనుకుని సొట్టవి వెనక్కి తీసుకోబోయాడు. కొండమ్మ అతని చెయ్యి పక్కకు నెట్టింది.

“అవి గూడ నాకే. సగం ధరకియ్యి. ఇంకో డబ్బాల ఉంటే గవి గూడ ఏరుకుంట.”

తాతల నాటి నుంచి ఆ వ్యాపారంలో ఉన్న మనిషి రత్నాకర్. పనికిరాని గుండ్లు అడిగి మరీ కొనే గిరాకీని ఆ వంశం చూసి ఉండదు. నాకు మాత్రం విషయం అర్థమైంది. ఆట పెట్టేది ఆమె, సొట్ట గుండ్లతో కాల్చేది జనం. బెలూన్ పగలదు, బహుమతి పోదు. జనవరి వార్త ఒకటి చేతికి దొరికిందని సంతోషించాను.

నుమాయిష్ మొదలవగానే వెళ్లాను. స్టాలులో ఒక మూల కొండమ్మ భర్త భూమయ్య బెలూన్లు ఊదుతున్నాడు. ఆయన నోట్లో ఎప్పుడూ బెలూన్ ఉండేది కాబట్టి గొంతు ఎలా ఉంటుందో చుట్టుపక్కల స్టాళ్లవాళ్లకే తెలియదు. బల్ల మీద రెండు స్టీలు గిన్నెలు. ఒకదాంట్లో నిండు గుండ్లు, రెండో దాంట్లో సొట్టవి.

కాసేపు చూశాక నా వార్త చేజారడం మొదలైంది. పిల్లలకు నిండువే ఇస్తోంది. ఒంటరిగా వచ్చిన కుర్రాళ్లకూ నిండువే. ఒక భారీ మనిషి భార్యతో వచ్చి, ఆవిడకు ఇవేం తెలియవంటూ, ఎన్‌సీసీలో తన గురి గురించి జనానికి వివరించాడు. ఆయనకు సొట్టవి పడ్డాయి. ఒక్క బెలూన్ కదల్లేదు. తుపాకీయే వంకర అన్నాడు. కొండమ్మ అదే తుపాకీ ఆయన భార్య చేతిలో పెట్టి, నిండు గిన్నెలో చెయ్యి పెట్టింది. ఫట్, ఫట్, ఫట్. ఆవిడ ప్లాస్టిక్ టబ్బు గెలిచింది. ఎన్‌సీసీ దాన్ని నెత్తిన పెట్టుకుని, పిడుగు పడ్డవాడిలా జనంలోకి నడిచాడు. మోసగత్తె అయితే టబ్బులు పంచిపెట్టదు. మరి ఇదేమిటి?

ఇలాంటి భర్తలు రోజూ తయారయ్యేసరికి ఫిర్యాదులు గుట్టపడ్డాయి. ఒక సాయంత్రం స్టాళ్లు తనిఖీ చేసే రవిచంద్ర వచ్చాడు. ఇంటివాళ్లను నుమాయిష్ చూపించడానికి తెచ్చాడేమో, వెంట భార్య సునంద ఉంది. తుపాకీ గొట్టం అటూ ఇటూ చూసి, తానే కాలుస్తానన్నాడు. గురి తప్పిందంటే తుపాకీలో మోసం ఉన్నట్టేననీ, రేపటి నుంచి స్టాలు బంద్ అనీ చెప్పాడు. ఆ నెలన్నర సంపాదనతోనే కొండమ్మ దంపతులకు ఏడాది గడవాలి. భూమయ్య బుగ్గల్లో గాలి బుగ్గల్లోనే ఆగిపోయింది.

కొండమ్మ చెయ్యి నిండు గిన్నె వైపే వెళ్లింది. అప్పుడే సునంద తానూ ఒకసారి కాల్చి చూస్తానంది.

“నీకేం తెలుసు? ఈ బ్యాగు పట్టుకుని పక్కన నిలబడు,” అన్నాడు రవిచంద్ర.

కొండమ్మ చెయ్యి గాల్లో ఆగింది. వెనక్కి తిరిగింది. సొట్ట గిన్నెలో పడింది.

నేను బల్ల దగ్గరికి జరిగాను. ఈ ఒక్కరికైనా మంచివి ఇవ్వకపోతే స్టాలు పోతుందని ఆమెకు తెలియదా? కళ్లతో సైగ చేశాను. చూడనట్టు గుండ్లు అందించింది. ఆయన కాల్చినవన్నీ గోడకు తగిలాయి. తుపాకీ వంకర, స్టాలు బంద్ అని తీర్పు చెప్పాడు.

“వంకరదే కావచ్చు సారూ. మరి అమ్మ కొడితే గూడ తగలొద్దు గదా. జర సూద్దాం,” అంది కొండమ్మ.

చుట్టూ జనం. కాదనలేకపోయాడు. సునంద బ్యాగు తెచ్చి ఆయన చేతికిచ్చి తుపాకీ అందుకుంది. కొండమ్మ చెయ్యి ఈసారి నిండు గిన్నెలోకి వెళ్లింది. మొదటి బెలూన్ పగిలినప్పుడు ఆమే ఉలిక్కిపడింది. చివరిది పగిలినప్పుడు రవిచంద్ర ముఖం చూడాలి. వంకర తుపాకీతో తన భార్య అన్నీ కొట్టిందని పైవాళ్లకు చెప్పుకునే భర్త ఇంకా పుట్టలేదు. తుపాకీ సక్రమంగానే ఉందని గొణిగి, భార్య గెలిచిన స్టీలు బకెట్‌లో బ్యాగు వేసుకుని వెళ్లిపోయాడు.

జనం పలచబడ్డాక అడిగాను. అంత ప్రమాదంలో సొట్టవి ఎందుకిచ్చావని.

“ఇంట్ల ఉప్పుకాడికెల్లి అన్నీ ఆమెకే తెలుస్తయి. గీడికొచ్చి నలుగురి ముంగట నీకేం తెలుసంటడు. గట్లన్నోనికి నా కాడ నిండు గుండు లేదు సారూ. ఎవ్వడైనా సరే.”

మోసం కదా అన్నాను.

“ఏం మోసం? సొట్టయి గూడ పైసలిచ్చే కొన్న. నీ ముంగటనే.”

వార్త రాయలేదు. ఆ తర్వాతి ఆదివారం మా ఆవిడ అనురాధను తీసుకెళ్లాను. రహస్యం తెలిసినవాడిని కాబట్టి ధీమాగా తుపాకీ అందుకుని, భుజానికి ఎలా ఆనించాలో అనురాధకు చూపించబోయాను. అలా కాదేమో అంది.

“నీకు తెలియదులే, ఉండు,” అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది. అప్పటికే నా అరచేతిలో గుండ్లు పడ్డాయి. దీపం కింద చూశాను. ఒక్కటీ నిండుగా లేదు.

అనురాధ గెలిచిన ప్లాస్టిక్ టబ్బు నేను అనుకున్నదానికన్నా పెద్దది. దాన్ని నెత్తిన సర్దుకుంటుంటే, మూలన భూమయ్య నోట్లోంచి బెలూన్ తీశాడు. ఆయన గొంతు వినడం నాకదే మొదటిసారి.

“అలవాటైతది సారూ,” అన్నాడు. మళ్లీ ఊదడం మొదలుపెట్టాడు.