నేను చెడగొట్టిన నిమిషం

కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు మా రాయచూరు వాళ్లకు కొండగుర్తులైపోయిన ఆ రోజుల్లో నాకు ఇద్దరి మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకరు విఠలుడు, రెండోవారు నేను. (మొదటి నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.) బడి గడప తొక్కకపోయినా నాన్నగారి దయవల్ల ఇంట్లోనే అక్షరాలూ హార్మోనియమూ, నిఘంటువు పక్కన పెట్టుకుంటే గట్టెక్కే ఇంగ్లీషూ వచ్చాయి. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయనకూ ఒక దండం పెట్టుకుంటాను. అయితే ప్లాంటు కాలనీలో పిల్లలకు సంగీతం చెప్పే టీచరు కావాలన్నప్పుడు చూపించడానికి నా దగ్గర ఒక్క సర్టిఫికెట్టూ లేదు. కాలనీ చీఫ్ ఇంజనీరు సారు, కోస్తా మనిషి, కాగితం లేని నన్ను కాదనలేక ఒక పరీక్ష పెట్టారు. "పరదేశంలో నాతో చదువుకున్న స్నేహితుడొకడు వస్తున్నాడమ్మా. ఆర్మేనియా వాడు, పెద్ద సంగీతకర్త. ఆ సభ మీరు నడిపించండి. చక్కగా జరిగితే ఆ ఉద్యోగం మీదే."

ఆయన ఇచ్చిన రెండు పేజీల జీవిత విశేషాలను మూడు రోజులు చదివాను. చిన్నప్పుడు చర్చిలో పాడాడు, తర్వాత గొంతు మానేసి కలం పట్టాడు, పెద్ద పెద్ద వాద్యబృందాలకు సంగీతం రాశాడు. మొదటి రచన ఎనిమిదేళ్లు పెట్టెలోనే ఉండిపోయిందట. సభలో నా ప్రార్థన పాటకు తాళాలు వేయడానికి కల్లూరు నుంచి వచ్చిన మా మేనత్తకు ఇదేదీ మింగుడుపడలేదు.

"పాడడు, వాయించడు. మరేం జేస్తడే?"

"రాస్తాడత్తా. వేరేవాళ్లు వాయిస్తారు."

"అంటే కూర ఎట్ల జెయ్యాల్నో కాగితం మీద రాసిచ్చి, తను దూరంగ కూసుంటడన్నట్టు. ఎనిమిదేండ్లు ఎవ్వరు పొయ్యి అంటియ్యకపోతే పాపం, ఎంత ఆకలైందో."

సభ రోజు సంగీతం సారు (ఆ అతిథికి మేము పెట్టుకున్న పేరు) తెల్లటి గడ్డంతో, ముతక కోటుతో ముందు వరసలో ఒదిగి కూర్చున్నారు. ఆయన జీవితాన్ని నేను మా పద్ధతిలోనే చెప్పాను. గురువు పేరు, ఊరిపేరు, దైవం, ఆ తర్వాతే రచనలు. చప్పట్లు పడ్డాయి. ఉద్యోగం సగం వచ్చేసిందనుకున్నాను. తర్వాత టేపురికార్డరులో ఆయన సంగీతం పెట్టారు. వయొలిన్లు సన్నగా మొదలై, గుంపుగా పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోయాయి.

చలికాలం గనుక ఫ్యాన్లు తిరగడం లేదు. ఇంకా పొద్దుండగానే కాబట్టి లైట్లూ వేయలేదు. హాలులో చీమ చిటుక్కుమనలేదు. నాలుగు జిల్లాలకు కరెంటు పంపే చోట, పరదేశి అతిథి పాట నడుమ కరెంటు పోవడమా? అత్త మోచేత్తో పొడిచింది.

"ఏందే గిట్ల కూసున్నవ్? కరెంటు పొయినట్టుంది. పాట కింద పడ్తున్నది, ఎత్తుకో."

మా భజన కట్టుబాటు అది. ముందు పాడేవాడి గొంతు ఆగితే వెనకవాళ్లు పల్లవి అందుకోవాలి, పాటను నేల తాకనివ్వకూడదు. విఠలుణ్ణి తలచుకుని హార్మోనియం లాగాను. అత్త తాళాలు మోగించింది. జనం కూడా కరెంటు పరువు కాపాడాలనే ఉత్సాహంతో గొంతు కలిపారు. (టేపురికార్డరు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉందట. నేను భక్తితో కళ్లు మూసుకున్నాను గదా.) రెండోసారి పల్లవి ఎత్తుకునేసరికి వయొలిన్లు, బాకాలు, డప్పులు మా మీద విరుచుకుపడ్డాయి. అత్త ఓటమి ఒప్పుకునే రకం కాదు, తాళం ఇంకా పెంచింది. కళ్లు తెరిచి చూస్తే చీఫ్ ఇంజనీరు సారు నుదురు పట్టుకుని ఉన్నారు. సంగీతం సారు తన చేతి గడియారం వంక చూస్తున్నారు.

టేపు అయిపోయాక ఆయన లేచి మా దగ్గరికి వచ్చి మెల్లగా ఏదో చెప్పారు. ఇంజనీరు సారు ఆ మాటలు మాకు తెలుగులో చెప్పారు. "అది కరెంటు పోవడం కాదమ్మా. ఆయన రాసిన మౌనం. సరిగ్గా ఒక నిమిషం. మీరు ఇరవై లెక్కపెట్టేలోపే మొదలుపెట్టారట." నేను అక్కడే హార్మోనియం మడిచేశాను. ఉద్యోగానికి మనసులోనే నమస్కారం పెట్టేశాను.

కానీ సంగీతం సారు ఇంకా చెబుతూనే ఉన్నారు. వాళ్ల దేశంలో కొన్నేళ్లపాటు చలికాలాల్లో కరెంటే ఉండేది కాదట. చేతులకు ఉన్ని తొడుగులతో, కొవ్వొత్తి వెలుగులో ఆ సంగీతం రాశారట. ఆ నిమిషం ఆ కరెంటు పోవడమేనట. "ఎన్నో ఊళ్లలో వినిపించాడు. జనం మర్యాదగా దగ్గి ఊరుకునేవారట. కరెంటు పోయిందని కనిపెట్టింది మీరేనంటున్నాడు."

అత్త తాళాలు ఒళ్లో పెట్టుకుని అడిగింది. "మరి కరెంటు పొయినప్పుడు మీ ఇంట్ల ఏం జేస్తుండిరి?"

ఆ ప్రశ్న ఆయన భాషలోకి వెళ్లింది. ఆయన నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. "వాళ్లమ్మ పాడేదట."

"మరింకేంది. మేం జేసింది గదే గద," అంది అత్త.

సోమవారం నుంచి క్లాసు మొదలుపెట్టమన్నారు ఇంజనీరు సారు. దేవుడి దయవల్ల చాలా ఏళ్లే చెప్పాను. ఇప్పుడు ఆ పొగగొట్టాలు మా మేడ మీంచి మసకగా కనిపిస్తాయి, కరెంటు పోతే ఇన్వర్టరు కూతపెట్టి మరీ చెబుతుంది. సాయంత్రం దీపం వెలిగించే ముందు, సంగీతం సారుకు బాకీపడ్డ ఆ నిమిషం మౌనంగా కూర్చుందామని రోజూ ప్రయత్నిస్తాను. ఎప్పుడు గొంతు విచ్చుకుంటుందో తెలియదు, పల్లవి దానంతటదే వచ్చేస్తుంది. ఇన్నేళ్ల సాధనలో లెక్క నలభై దాటలేదు. అయినా ఆ రోజుకంటే రెట్టింపు గదా.