బర్రెను కొన్నట్టు సర్వర్ కొన్న

నేనిప్పుడు చెప్పే ముచ్చటల ఒక్క మాట అబద్ధమున్నా మా రాజవ్వ రేపు పొద్దుగాల చెంబెడు పాలు గూడ ఇయ్యొద్దు. రాజవ్వ అంటే మా బర్రె. గౌలిపురల మా గల్లీకి నా మాట మీద నమ్మకం లేకున్నా రాజవ్వ పాల మీద ఉన్నది, అందుకే దాని మీద ఒట్టు వెడుతున్న. యాదమ్మా, నవ్వకు, చాయ్ తాగు. మొన్న దబీర్‌పురా స్టేషన్‌ల రైలు రాకుండనే జనం మూటలు నెత్తికెత్తుకున్నరంటే దానికి కారణం నేనే.

మా కోడలు స్వరూప ఫోటో స్టూడియోల నౌకరి మానేసింది. ఇంట్లనే కూసొని పెండ్లి ఆల్బమ్‌లు చేస్తనని మొదలువెట్టింది. మొదటి ఆర్డర్ మలక్‌పేటోళ్లది. శుక్రవారం వాళ్లింట్ల దావత్, ఆ పూట ఆల్బమ్ చుట్టాల చేతులల్ల తిరగాలె. అంటే బుధవారం పొద్దుగూకే లోపల పేజీలన్ని ప్రింటుకు పోవాలె. పోతే ఇంకో నలుగురు పిలుస్తరు. పోకుంటే మల్ల ఆ స్టూడియో మెట్లెక్కి, "సార్, పని ఉన్నదా" అని అడగాలె. ఆ సార్ మొకం నేను ఒక్కసారే చూసిన. పాలు విరిగినట్టుంటది. గట్లాంటి టైమ్‌ల సోమవారం పొద్దుగాల స్వరూప పాత లాప్‌టాప్ కన్ను మూసింది.

సెకండ్ హ్యాండ్ది ఒకటి చూద్దమని ఆమె మలక్‌పేటల మునీర్ భాయ్ దుకాణానికి బయలెల్లింది. నేను గూడ ఎంటవడ్డ. ఒద్దత్తమ్మా అన్నది. సరుకు కొనుడంటే నేను లేకుండనా? ఇన్నేండ్లల్ల నేను కొన్న బర్రెలను వరుసగ నిలవెడితే మొదటిదాని తోక చార్మినార్ కాడ, ఆఖరుదాని మూతి గోల్కొండ కాడ ఉంటది.

మునీర్ భాయ్ బక్కపల్చటి మనిషి, కండ్లద్దాలు ఎప్పుడూ నెత్తి మీదనే. మస్తు ఓపికతోని రెండు బిళ్లలు చూపెట్టిండు. కంప్యూటర్‌కు మెదడు ఇదేనంట, ప్రాసెసర్ అంటరంట. లాప్‌టాప్‌ది నా బొటనేలి గోరంత ఉన్నది. ఇంకోటి నా అరచెయ్యంత ఉన్నది, బరువు గూడ బాగనే ఉన్నది. అది సర్వర్‌దంట. ఏదో కంపెనీ మూసేస్తే ఆ పెట్టె పెట్టెంత ఆయన దుకాణానికొచ్చింది.

దీంట్ల కోర్లెన్ని అని అడిగిన. కోర్ అంటే పనిచేసే చెయ్యి లెక్క అని దారిలనే స్వరూప చెప్పింది. నా చేతివేళ్లు, కాలివేళ్లు కలిపినా సాలవన్నడు. లాప్‌టాప్‌కు? ఒక చేతివేళ్లకు జరంత ఎక్కువ. మరి కరెంటు ఏది ఎక్కువ తింటదన్న. సర్వరే అమ్మా, మస్తు తింటది అన్నడు.

గంతే, నా మనసు ఆడనే వడిపోయింది. మా ఇండ్లల్ల బర్రెను చూసే పద్ధతి వేరే ఉంటది. ఎద వెడల్పుండాలె, కడుపుల జాగుండాలె, గడ్డి ముందర వెడితే తల ఎత్తొద్దు. ఇది అన్నిట్ల పాసయ్యింది.

"నక్కో అమ్మా," అన్నడు మునీర్ భాయ్, "వో ఘర్ కా చీజ్ నహీ. మీ ఇంటికి ఒద్దు."

అమ్మేటోడే ఒద్దంటుండంటే మంచి సరుకు దాచుకుంటుండని నాకు అర్థమయ్యింది. గప్పుడే పెండ్లిపిల్ల తల్లి ఫోన్ చేస్తే స్వరూప బయటికి పోయింది. నేను బర్రెల అంగట్ల చేసినట్టే కొంగు కింద మునీర్ భాయ్ వేళ్లు వట్టుకొని బేరం మొదలువెట్టిన. పాపం, ఆయనకు అది బేరమని తెల్వలే, చెయ్యి చూసి జాతకం చెప్తున్న అనుకున్నడు. పెద్దమనిషి కాడ నుంచి చెయ్యి గుంజుకునుడు బాగుండదని ఊకున్నడు. ఊకునుడంటే ఒప్పుకునుడే అనుకొని నేను పైసలు ఆయన చేతిల వెట్టిన. స్వరూప ఫోన్ పెట్టేసి వచ్చే వరకు సర్వర్ ఆటోల కూసున్నది. ఆమె దిక్కు నేను చూడలే.

మా ఇంటి ముందర అర్ర, దాని గోడకు ఆనుకొని రాజవ్వ కొట్టం. సర్వర్‌ను అర్రల వెట్టి, స్వరూప తన ఫోటోలన్ని దాచుకున్న డబ్బా దానికి తగిలించి స్విచ్ ఏసింది. దాని పంకలు లేచినయి. ఇమానం మా ఇంట్లనే దిగుతుందా అన్నట్టు సప్పుడు. గోడకున్న క్యాలెండర్ రెండు నెలలు ముందుకు పోయింది. స్టేషన్‌ల జనం మూటలెత్తింది గప్పుడే. అది పూర్తిగ మేల్కొనే లోపల నేను బియ్యం ఏరి, కడిగి, వండి, వార్చిన.

మేల్కొన్నంక ఆల్బమ్ తెరిచింది. పెండ్లిపిల్ల మొకం మీది నుంచి కిందికి మెల్లగ దిగుతుంది. గడ్డం దాక వచ్చే వరకు పిల్లకు పెండ్లయి ఏడాది దాటినట్టున్నది.

స్వరూప ఒర్రలే. ఒర్రితే బాగుండు. తలకాయ వట్టుకొని మెల్లగ చెప్పింది. "అత్తమ్మా, ఇది వెయ్యి మంది ఒక్కసారే అడిగితే అందరికీ జరంత జరంత పెట్టే మెదడు. రాత్రి లేదు, పగలు లేదు, ఆగదు. నాకు గట్ల ఒద్దు. నేనొక్కదాన్ని, ఒక్కటే పని అడుగుత, అది జల్ది చెయ్యాలె. ఈ ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ ఒకటి రెండు కోర్లకే పని చెప్తది. మిగిలినయి కూసొని చూస్తయి. ఆ పనిచేసే ఒక్కటి గూడ లాప్‌టాప్ దానంత ఉరకదు."

నాకు అర్థమయ్యింది. నేను తెచ్చింది పాల ట్యాంకర్. ఈమెకు కావల్సింది సైకిల్ మీద క్యాన్. మా గల్లీల ట్యాంకర్ మలుగుతదా?

ఇంతల సాయంత్రం పాలు పిండే యాళ్లయ్యింది. రాజవ్వ చెవులు నిక్కవెట్టుకొని గోడ దిక్కే చూస్తుంది. పొదుగు నిండ ఉన్నది గని ఒక్క చుక్క దిగలే. గిన్నెలు వట్టుకొచ్చినోళ్లు ఖాళీ గిన్నెలతోని పోయిండ్రు. స్వరూప లేచి స్విచ్ బంద్ చేసింది. "రేపు మంగళవారం," అన్నది గంతే. ఆ మాటకు నాకు అన్నం సయించలే. రెండుసార్లే పెట్టుకున్న.

పండుకున్నంక యాదికొచ్చింది. బర్రెను కొనేటప్పుడు వాళ్ల ఇంటి కాడనే, మన కండ్ల ముందర పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి పిండించి చూసినంకనే తాడు చేతికి తీసుకోవాలె. మా అత్త నాకు నేర్పిన మొదటి పాఠం అది. ఎద చూసిన, కడుపు చూసిన, మేత అడిగిన. పిండుడొక్కటే మర్చిన.

తెల్లారి సర్వర్‌ను మల్ల ఆటోల కూసోవెట్టినం. మునీర్ భాయ్ మమ్మల్ని చూసి కండ్లద్దాలు కండ్ల మీదికి దించుకున్నడు. తాను ఒద్దన్నది యాదుంచుకున్న మనిషి, మారు మాట్లాడకుండ వాపస్ తీసుకున్నడు. మొదలు చూపెట్టిన లాప్‌టాప్‌నే మల్ల ముందర వెట్టిండు. స్వరూప చెయ్యి చాపింది. నేను ఆపిన.

"పిండి చూపెట్టు భాయ్," అన్న.

ఆయనకు సమజ్ కాలే. స్వరూపకు అయ్యింది. ఫోటోల డబ్బా తగిలించి, ఆడనే ఆల్బమ్ తెరిచి పనికి కూసున్నది. పెండ్లిపిల్ల మొకం, గడ్డం, మెడల హారం ఒక్కసారే వచ్చినయి. సప్పుడు లేదు, గాలి లేదు. నేను దాని ఈపు మీద చెయ్యేసి చూసిన, గోరువెచ్చగున్నది. పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఒకసారి కావాలె గదా, అందుకే నేను స్టూల్ మీది నుంచి లేవలే. మునీర్ భాయ్ మా కోసం పగలంత చాయ్‌లు తెప్పించుకుంట, తన గిరాకీని మా నెత్తుల మీది నుంచి చూసుకున్నడు. దుకాణం షట్టర్ సగం దించే వరకు సగం ఆల్బమ్ అయిపోయింది.

మిగిలిన సగం బుధవారం మధ్యాహ్నానికి ప్రింటుకు పోయింది. శుక్రవారం దావత్‌ల తిరిగింది. ఆదివారం ఇంకో పెండ్లోళ్లు ఫోన్ చేసిండ్రు. రాజవ్వ గూడ పాలు దించింది, గని ఇప్పటికీ ఆ గోడ దిక్కు అనుమానంగనే చూస్తది.

యాదమ్మా, చాయ్ అయ్యిందా? నువ్వు రోజూ మలక్‌పేటకు పనికి పోతవు గదా. ఈ పెరుగు గిన్నె మునీర్ భాయ్ దుకాణంల ఇచ్చిపో. నిటారుగ వట్టుకో, తొణకొద్దు. ఇచ్చి, ఆ సర్వర్ ఇంక ఉన్నదా, అమ్ముడువోయిందా అని మెల్లగ అడుగు. స్వరూపకు మాత్రం చెప్పకు. ఆ సోమవారం సర్వర్ ఎనక వేడిగాలి కాడ తోడేసిన పాల గిన్నె మర్చిపోయిన. గింత చలిల గూడ ఏండ్ల సంది నా చేతికి రాని గట్టి పెరుగు తోడుకున్నది. ఈసారి సర్వర్‌ను కొట్టానికి దూరంగ, మీద మిద్దె మీద వెడుత. ఉంటే పక్కకు వెట్టమను. ఈసారి పిండి చూసే పనిలేదు, తోడేసి చూసిన అని చెప్పు.