సుందరం లేచేదాకా

ఒక అనిమే మీద నా అభిప్రాయం చెప్పినందుకు, నా రాతి గుండె కరగాలని మా చర్చి మొత్తం ప్రార్థన చేసింది. పోయిన నెల సంగతి. టీ చల్లారేలోపల చెప్పేస్తాను గానీ, మధ్యలో మాత్రం నవ్వొద్దు. నాకే ఇంకా సరిగ్గా నవ్వు రావడం లేదు.

మాది కోయిలకుంట్ల అని మీకు తెలుసు కదా. కడపలో డిగ్రీ చదివేటప్పుడు నేను, ఇమాం, గోపాలు ఒకే రూములో ఉండేవాళ్ళం. ఈ జపాన్ బొమ్మల సీరియళ్ళ పిచ్చి అక్కడే అంటుకుంది. ఇప్పుడు ఇమాం కడపలోనే బండల వ్యాపారంలో ఉన్నాడు. గోపాలు ఆలూరు దగ్గర వాళ్ళ చేను చూసుకుంటున్నాడు. నేను ఊళ్ళో జిరాక్సు షాపు నడుపుతున్నాను. పిచ్చి మాత్రం ఎవరికీ తగ్గలేదు. వారానికోసారి ముగ్గురం ఫోన్లో కలిసి, చూసిన ఎపిసోడ్ల మీద తీర్పులు చెబుతాం. మా తీర్పులు వింటే పాపం ఆ బొమ్మలు గీసినవాళ్ళు పెన్సిళ్ళు పారేసి వేరే పని చూసుకుంటారు.

మాకొక అలవాటు ఉంది. జపాన్ పేర్లు మా నోటికి తిరగవు. అందుకని ఏ సీరియలైనా అందులోని వాళ్ళకు మన పేర్లు పెట్టేసుకుంటాం. విలన్ ఎవడైనా సరే, వాడికి మా పాత రూము ఓనర్ పేరే. ఈసారి చూసిన దాంట్లో హీరోకు ఇమాం సుందరం అని పెట్టాడు, జుట్టు అందంగా ఉందని. ఈ సుందరం తమ్ముణ్ణి కాపాడబోయి విషపు బాణం తగిలి పడిపోతాడు. ఆఖరి ఎపిసోడ్ అంతా వాడు స్పృహ లేకుండా పడి ఉంటాడు, వాళ్ళమ్మ తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చుని ఏడుస్తూ ఉంటుంది. అక్కడికి సీజన్ అయిపోయింది. మిగతా కథ వచ్చే ఏడట.

ఇంకో చిక్కు, మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. మిద్దె మీదికెక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి, కాస్త గట్టిగా మాట్లాడాలి. కాస్త అంటే, మా వీధికంతా తెలిసేటంత.

ఆ సాయంత్రం వాదన పెద్దదైంది. గోపాలుది మెత్తని మనసు, సుందరం బతకాలన్నాడు. నాకేమో కథలో హీరో చచ్చిపోతే అదొక గొప్ప. మొదట విషం సంగతి, తమ్ముడి సంగతి, తడిగుడ్డ సంగతి అంతా మళ్ళీ మొదటినుంచి తిరగేసి, చివరికి గొంతు పెంచాను.

"సుందరం ఇంక లేయకూడదప్పా. వాడు పోతేనే బాగుంటాది. బతికినాడంటే అంతా చెడిపోతాది."

పాపం వాళ్ళమ్మ అన్నాడు గోపాలు.

"వాళ్ళమ్మ ఏడుపు జూడలేక సస్తాండా. ఎంతసేపని ఏడుస్తాది? బోరు," అన్నాను.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే పక్క మిద్దె మీద మార్తమ్మవ్వ చేట పట్టుకుని శనగల్లో రాళ్ళు ఏరుతోంది. కూతురి దగ్గర ఉంటుంది, మా చర్చే. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి. వందనాలవ్వా అన్నాను. ఆమె నా వైపు చూసి, చేట తీసుకుని కిందికి దిగిపోయింది. పాపం వయసైపోయింది, చెవులు వినబడటం లేదనుకున్నాను. ఆమె చెవులు ఎంత బాగా పనిచేస్తాయో తర్వాత తెలిసింది.

బుధవారం ఇంటి ప్రార్థన మా వంతు వచ్చింది. మా దగ్గర వారానికొక ఇంట్లో కూడుకుంటారు. ఎవరికి ఏ బాధ ఉంటే ఆ బాధ చెప్పుకుంటారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. నేను షాపు మూసి వచ్చేసరికి అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు. చప్పుడు కాకుండా వాకిలి దగ్గరే మోకాళ్ళు వేశాను. మార్తమ్మవ్వ గొంతు వినబడింది. తల్లి కళ్ళ ముందే పడిపోయిన ఒక బిడ్డను లేపమని దేవుణ్ణి అడుగుతోంది. ఆ బిడ్డ చావు కోరుకునేవాళ్ళ గుండె కరిగించమని కూడా అడుగుతోంది. బిడ్డ చావు కోరుకునే పాపిష్టివాళ్ళు కూడా ఉంటారా ఈ కాలంలో అనుకున్నాను. అమ్మ నా వైపే చూస్తోందని అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన విన్నపాలు చదివారు. సుందరం అనే బిడ్డ, తమ్ముణ్ణి కాపాడబోయి విషం ఎక్కి స్పృహ లేకుండా ఉన్నాడన్నారు. తల్లి తడిగుడ్డ పట్టుకుని పక్కనే కూర్చుని ఉందన్నారు. అవి మిద్దె మీద నేను చెప్పిన మాటలే. మన మధ్యనే ఉంటూ, ఆ తల్లి ఏడుపు కూడా భరించలేకపోతున్న ఒక సోదరుడి కోసం కూడా ప్రార్థిద్దాం అన్నారాయన. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆడవాళ్ళ వైపు తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. మా అమ్మ తల మాత్రం తిరగలేదు, కొంగు ముఖం మీదికి లాక్కుంది.

అక్కడితో అయిపోతే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. ఆరాధన అయ్యాక మార్తమ్మవ్వ మెట్లు దిగుతూ తూలింది. పట్టుకుని కూర్చోబెట్టారు. ఆమెకు షుగర్ ఉంది. సుందరం సంగతి మంచికబురు తెలిసేదాకా ఉపవాసమని పట్టుపట్టిందట, నిన్నటి నుంచి నోట్లో మెతుకు వేయలేదట. వాళ్ళ కూతురు నా వైపు ఒకసారి చూసి, అవ్వకు చెప్పులు తెచ్చి తొడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి రాగానే అమ్మ ఒక్కటే అడిగింది. "ఎవురురా ప్రసాదూ, ఆ సుందరం? మనకేమైతాడు?"

చెప్పాను. బొమ్మల కథ అని, జపాన్ అని, వచ్చే ఏడుగానీ తెలియదని. అమ్మ నవ్వుతుందేమో అని ఆశగా చూశాను. "ఆ ముసిలామె కూడు మానేసింది. పోయి నువ్వే చెప్పు," అంది.

మిద్దె ఎక్కి ఇమాంకు ఫోన్ చేశాను, ఈసారి గుసగుసలాడుతూ. వాడు కడుపు పట్టుకుని నవ్వి, సుందరం లేచినాడని చెప్పెయ్, అవ్వ తింటాది, కథ కంచికి పోతాది అన్నాడు. సలహా బాగానే అనిపించింది. ఆ అబద్ధాన్ని నాలుక మీద పెట్టుకుని వీధిలోకి వచ్చానో లేదో అయ్యగారు బండి ఆపారు. సుందరం లేస్తే తల్లినీ బిడ్డనూ చర్చికి పిలుచుకురావాలి, సాక్ష్యం చెప్పించాలి, అందరికీ భోజనాలు కూడా పెడదాం అన్నారు. మా చర్చిలో ప్రార్థన ఫలిస్తే ఊరికే వదలరు, నిలబెట్టి చెప్పిస్తారు. సుందరాన్ని నేను యాడినుంచి తెచ్చేది? ఆ అబద్ధాన్ని అక్కడే మింగేశాను.

మార్తమ్మవ్వ మంచం మీద పడుకుని ఉంది. అవ్వా, సుందరం నిజం మనిషి కాదు, బొమ్మ అన్నాను. ఆమె నమ్మలేదు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి కథలు అల్లుతున్నానని అనుకుంది. అప్పుడు ఫోన్ తీసి ఆఖరి ఎపిసోడ్ పెట్టాను. ఆమె లేచి కూర్చుని, ఫోన్ను చేయి చాచినంత దూరం పట్టుకుని చూసింది. నా జీవితంలో ఏ ఎపిసోడ్ కూడా అంత పొడుగ్గా అనిపించలేదు. తడిగుడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఈమె పేరేంది?" అని అడిగింది, సుందరం వాళ్ళమ్మను చూపిస్తూ.

అందరికీ పేర్లు పెట్టిన మేం ఆమెకు పెట్టలేదు. ఏడవడం తప్ప ఆమెకు పనేముంది అనుకున్నాం. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

మార్తమ్మవ్వ ఫోన్ నా చేతికిచ్చింది. ఆమెకొక కొడుకు ఉండేవాడని, నేను పుట్టకముందే పోయాడని తెలుసు. ఎట్లా పోయాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"మా వాడు గూడా ఇట్లనే పడిండె, కర్నూలు పెద్దాసుపత్రిలో," అంది. "మా చుట్టాలాయన మంచం పక్కన నిలబడి, ఇంక పోతేనే సుఖంలే అనె. వాడు కండ్లు మూసుకోనుండాడు గానీ ఇన్నాడు నాయనా. నా చెయ్యి పట్టుకోనుండినోడు, వదిలేసినాడు."

బొమ్మ గురించే అన్నానవ్వా అని చెప్పబోయి ఆగిపోయాను. బొమ్మ అని నాకు తెలుసు. పక్క మిద్దె మీద ఆమెకు వినబడింది మాత్రం ఆ పాత మాటే. క్షమించు అవ్వా అన్నాను.

"క్షమాపణ నాకొద్దు. వాడు పోవాల అన్నావు గదా, ఆ మాట ఎనక్కి తీసుకో. నోటితోనే అను."

"సుందరం లేయాల," అన్నాను.

"గట్టిగా అను. మిద్దె మీద ఎట్ల అన్నావో అట్ల."

గట్టిగా అన్నాను. వాకిట్లో గిన్నెలు తోముతున్న కూతురు లోపలికి వచ్చి చూసింది. మార్తమ్మవ్వ ఆమెను రొట్టె తెమ్మంది. జొన్నరొట్టె తుంచి పప్పులో అద్దుకుంటూ, ఎప్పుడు లేస్తాడు వీడు అని అడిగింది. వచ్చే ఏడాది అన్నాను. ఏడాది ఉపవాసం తనవల్ల కాదు గానీ ప్రార్థన అయితే వదలనంది. ఆమె రెండో రొట్టె అడిగాకగానీ నాకు ఊపిరి ఆడలేదు.

అయ్యగారికీ నిజం చెప్పేశాను. ఆయన బండి స్టాండు వేసి మరీ నవ్వారు. విన్నపాల్లోంచి సుందరం పేరు తీసేద్దామా అంటే మార్తమ్మవ్వ ఒప్పుకోలేదు. దాంతో ప్రతి బుధవారం మా ఊళ్ళో సుందరం కోసం, పేరు లేని వాళ్ళమ్మ కోసం ప్రార్థన జరుగుతోంది. నేను కూడా షాపు తొందరగా మూసి పోయి ముందు వరసలోనే మోకాళ్ళు వేస్తున్నాను.

ఇమాం, గోపాలు అడిగితే సుందరం బతకాల్సిందే అని చెబుతున్నాను. కథ చెడిపోతుందంటివే అంటే, చెడిపోనీలే అంటున్నాను. అయినా నాకొక భయం ఉంది. వచ్చే ఏడు ఆ బొమ్మలవాళ్ళు సుందరాన్ని చంపేస్తే ఏమవుతుందో మార్తమ్మవ్వ ముందే చెప్పి పెట్టింది.

"అందరం మనసుతోనే అడుగుతాండాం," అంది మొన్న, అందరి ముందూ. "వాడు లేయలేదంటే మాత్రం తప్పు ప్రసాదుది. ఆమెన్ గట్టిగానే అంటాడు గానీ, గొంతు దాటి లోపల్నుంచి రాదు."

లోపల్నుంచి ఏదీ రాని ఆ గొంతుతోనే నేను ఇన్నేళ్ళు బొమ్మల మీద తీర్పులు చెప్పాను.