మెట్ల మీద పాచి, గిన్నె నిండా పెరుగు

నేను అయిదో తరగతి దాకానే చదివాను. ఆ తర్వాత పెన్ను పట్టింది కువైట్‌లో ఉండనిచ్చే ఇఖామా కాగితాల మీద సంతకానికే. దీర్ఘాలు, ఒత్తులు తప్పుతాయి. ముందే చెబుతున్నాను, కోప్పడకండి. రాయడమంటే భయమే, కానీ ఆగలేకపోతున్నాను.

నేను కువైట్‌లో, సల్వాలో ఒక ఇంట్లో పని చేస్తాను. పోయిన ఎండాకాలం మా మామా, అంటే ఇంటి యజమానురాలు, తన తల్లిని, ఇద్దరు కూతుళ్లను తీసుకుని ఇంగ్లాండ్ వెళ్లింది. పనికి నన్నూ తీసుకెళ్లింది. తిరిగొచ్చాక పక్కింటి డ్రైవర్, రాయచోటి అబ్బాయి, గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఏమక్కా, ఇంగ్లాండు పోయొచ్చినావంటనే! ఏం జూసినావు, వాళ్ల వంటిల్లా?"

"ఊర్లు జూసినాబ్బా!"

"నిన్నెవురు తిప్పుతారు ఊర్లు? సొల్లు జెప్పాకు."

"ఉండు, రాసి చూపిస్తా" అన్నాను. అందుకే ఇది.

లండన్ నుంచి కారులో పల్లెటూరికి వెళ్లాము. అబ్బా, ఆ దారి! ఎటు చూసినా పచ్చదనమే. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, వాటి వెనక గొర్రెలు. ఇళ్లన్నీ బెల్లం రంగు రాళ్లతో కట్టినవి. కొన్ని ఇళ్లకు పైన బోదగడ్డి కప్పు! మా ఊళ్లో కొట్టం తీసేసి మిద్దె కట్టుకోవాలనే కదా నేను కువైట్ వచ్చింది.

"మామా, వీళ్లు పేదవాళ్లా?" అని అరబ్బీలో అడిగాను.

మామా పగలబడి నవ్వింది. "ఆ కొట్టం ఒక్కటి కొనాలంటే మన ఇల్లు అమ్మాలి!"

మేము దిగింది అలాంటి ఒక ఊళ్లోనే, అద్దె ఇంట్లో. ఓనరమ్మ పక్కనే ఉంటుంది. తెల్లజుట్టు ముసలామె. సామాన్లు దించుతుండగానే మామా నాకు వేలు చూపించి చెప్పింది. "ఈ ఇల్లు మనది కాదు. ఓనర్ నుంచి ఒక్క మాట వచ్చిందా, ఊళ్లు చూడటం నీకు ఖలాస్. ఇంట్లోనే ఉంటావు." మరుసటి రోజు చుట్టుపక్కల మూడు ఊళ్లు చూడాలని వాళ్ల ఏర్పాటు. నాకు ఆ సంతోషంలో సరిగా నిద్ర కూడా పట్టలేదు.

తెల్లారగానే తలుపు తీశాను. సల్వాలో నా మొదటి పని మెట్లు కడగటమే. ఒక్కరోజు కడగకపోతే దుమ్ము పేరుకుంటుంది, మామా నన్నే అంటుంది. ఇక్కడి మెట్లు చూస్తే పచ్చగా పాచి! మామా తల్లి కాలు జారి పడితే ఎవరు దిక్కు? ఇనుప పీచు, వేడినీళ్లు తెచ్చి గీకటం మొదలుపెట్టాను. నాలుగు మెట్లలో మూడు తెల్లగా వచ్చేశాయి. నా పనికి నాకే ముచ్చటేసింది.

అప్పుడే ఓనరమ్మ కోడిగుడ్లు తీసుకుని వచ్చింది. నన్ను చూసింది, మెట్లు చూసింది. అరవలేదు. మెల్లగా వంగి మెట్టును చేత్తో తడిమింది. ఆ మొహం చూసి నేను పీచు కింద పెట్టేశాను. మామా బయటికొచ్చి ఆమెతో మాట్లాడి నావైపు తిరిగింది.

"ఆ పాచి వాళ్ల అమ్మ కాలం నుంచి పెంచుకుంటున్నారట!"

"పాచిని పెంచుతారా మామా?"

"నోరు ముయ్యి. నువ్వు రావటం లేదు."

కారు వెళ్లిపోయింది. అంట్ల గిన్నెల ముందు నిలబడి ఏడ్చాను. ఇంత దూరం వచ్చి గోడలు చూసి వెళ్లాలా అని.

కాసేపటికి తలుపు చప్పుడైంది. ఓనరమ్మే, చేతిలో పాత రంగుల బ్రష్. "యోగర్ట్?" అంది. నేను ముందు రోజు తోడు వేసిన పెరుగు గిన్నె తెచ్చిచ్చాను. వేలితో తీసి నాకి, కళ్లు పెద్దవి చేసి ఇంకోసారి నాకింది. తర్వాత సైగలతో చెప్పింది: పెరుగులో పాచి కలిపి రాళ్లకు పూస్తే మళ్లీ మొలుస్తుందట! నేను చెత్తలో పడేసిన పాచి మొత్తం ఏరుకొచ్చాను. ఇద్దరం కూర్చుని మెట్లకు పెరుగు పూశాము. మా అమ్మ చూసి ఉంటే వీపు విమానం మోత మోగించేది.

పాచి చాల్లేదు. రమ్మని ఓనరమ్మ చెయ్యి పట్టుకుంది. మామాకు చెప్పకుండా నేను గేటు దాటను. "మామా, మామా" అని ఫోన్ చూపించాను. ఆమె ఫోన్ చేసి మాట్లాడి నాకిచ్చింది.

"ఆమెతో వెళ్లు" అంది మామా. "ఆమె చెప్పింది చెయ్యి. ఇంకేమీ తోమొద్దు!"

ఇక చూడండి నా సంబరం! ఊరంతా తిరిగాము. ఇళ్ల గుమ్మాల పక్కనుంచే వాగు పారుతోంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. బాతులు మనుషుల్లాగా రోడ్డు దాటుతుంటే కార్లు ఆగుతున్నాయి. గులాబీ తీగలు కప్పు దాకా ఎగబాకాయి. ఎర్రటి ఫోన్ డబ్బాలో ఫోన్ లేదు, పుస్తకాలున్నాయి. ఓనరమ్మ కనిపించిన వాళ్లందరికీ నన్ను చూపించి, గీకినట్టు సైగ చేసి చెబుతోంది. వాళ్లు నవ్వి నాకు చెయ్యి ఊపుతున్నారు. సిగ్గేసింది, అయినా నేనూ ఊపాను. రాతి వంతెన కింద ఇద్దరం కూర్చుని బుట్టలోకి పాచి తీశాము.

సాయంత్రం మామా వాళ్లు మొహాలు వేలాడేసుకుని వచ్చారు. కారు పెట్టడానికి చోటు దొరక్క ఒక్క ఊరే చూశారట, అదీ కిటికీలోంచి. నేను ఆగలేక వాగు, బాతులు, వంతెన అన్నీ చెప్పేశాను. కూతుళ్లు మామా చెయ్యి లాగారు. మామా నావైపు తిరిగింది.

"సరే. రేపు మమ్మల్ని నువ్వే తిప్పు. యల్లా, కానివ్వు."

మర్నాడు పొద్దున నేను ముందు, మామా వాళ్లు వెనక. "ఇటు మామా, ఇటు!" అని నేను చెప్పిన వైపే అందరూ నడిచారు.

తప్పు కనిపించిన చోట మీరే మనసులో దిద్దుకుని చదవండి. మొదటిసారి రాసినదాన్ని, మన్నించండి.