బూటు మొత్తం చూసిన ఆరోకియమేరి

ఆరోకియమేరికి మతి చలించిందట. వేలూరు బూట్ల కంపెనీకి వచ్చిన మనసు డాక్టరమ్మ అది కనిపెట్టి, ఆమెను కుట్టుమిషను మీద నుంచి లేపేయించిందట. ఆమె ఉండే గుడియాత్తంలో వీధి కుళాయి దగ్గర ఇదే మాట. లేపిన సంగతి నిజమే. మిగతాదంతా బిందె నిండేలోపు పుట్టిన కథ.

పెళ్లినాటి నుంచీ మేరి బూటులో ఒకే ఒక్క ముక్క కుట్టేది. తాడు కింద, పాదాన్ని ఆనుకుని ఉండే నాలిక ముక్క. కుట్టి తట్టలో వేస్తే అది గోడ అవతలికి పోయేది. ఆ తర్వాత దాని గతేమిటో ఆమె ఎరగదు. మిషను చప్పుడు జోలపాటలా సాగుతుంటే చేతులు ఇక్కడ, తాను ఎక్కడో. రానురాను కుట్లు వంకర పోయాయి.

"కుడతాండావా, నిద్రపోతాండావా మేరీ? ఇట్నే ఉంటే ఇంక ఇంటికాడే నిద్రపోదువుగానిలే!" అన్నాడు సూపర్‌వైజర్ దేవేంద్రన్.

పని పోతే మేరికి గడవదు. భర్త అంతోనికి నడుము పట్టేసినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే.

అప్పుడే వచ్చింది యోగిత, కుళాయి దగ్గర చెప్పుకునే డాక్టరమ్మ. పనిచేసే చోట మనుషుల మనసులు ఎలా ఉంటాయో చూసే చదువు చదివిన పిల్ల. మేరిని పక్కన కూర్చోబెట్టుకుని, "చేతులు కుడతా ఉంటే మీ మనసు యాడికి పోతాదక్కా?" అని అడిగింది.

సోది చెప్పే మనిషేమో అనుకుంది మేరి. తనకు పదేపదే వచ్చే కలంతా విప్పి చెప్పేసింది. రోజూ బస్సు దాటే పాలారు ఏట్లో ఎప్పుడూ ఇసుకే, కలలో మాత్రం నిండా నీళ్లే. నీళ్ల మీద తాను కుట్టిన ముక్కలు ఆకుల్లా తేలిపోతుంటాయి. ఒక్కటీ గట్టు చేరదు.

"ఫలితమేందో చెప్పు పాపా. ఇంట్లో ఎవురికన్నా కీడా?"

యోగిత నవ్వలేదు. "బూటు మొత్తం ఎప్పుడన్నా చూసినారా?"

"యాడ చూసేది? ఆ పక్కకు మమ్మల్ని పోనీరు గదా!"

యోగిత ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. తోలు కోసే చోటి నుంచి అట్టపెట్టెలు మూసే చోటి దాకా. దారిపొడుగునా ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి కలిశాయి. చివరి బల్ల మీద బూటు. మేరి తాడు సడలించి లోపల వేలు పెట్టింది. తన కుట్టే. చాలాసేపు వేలు తీయలేదు.

"పని ఇడిసిపెట్టి ఊరేగింపా మేడమ్?" గొణిగాడు దేవేంద్రన్.

"చేసేది ఏమయితాదో తెలీకపోతే దాని మీద ధ్యాస యాడ నిలుస్తాది సార్? అందర్నీ ఒకతూరి తిప్పండి."

మూతి ముడుచుకునే ఒప్పుకున్నాడు. మేరి కుట్లు మళ్లీ తిన్నగా పడ్డాయి. ఆపైన, కొత్తగా చేరే ఆడపిల్లలను ఆ దారంతా తిప్పి చూపించే పని ఆమెకే అప్పగించారు. మిషను మీద నుంచి లేపింది అందుకు.

కుళాయి దగ్గర నమ్మితే కదా! వీధికి పెద్దదిక్కు శారదమ్మ, బస్సు దిగిన మేరిని నిలేసింది.

"ఏమ్మే, నాన్చకుండా చెప్పు. నువ్వు చెప్పుకున్న కలను ఆ పిల్ల మాన్పించిందా, లేదా?"

మేరి టిఫిన్ సంచీ చెయ్యి మార్చుకుంది.

"యాడ మానిందమ్మా, వస్తానే ఉండాది. కాకపోతే ఇప్పుడు గట్టు మీద జనం కూచోనుండారు, నీళ్లల్లో కాళ్లు పెట్టుకోని. ముక్కలన్నీ వాళ్ల పాదాల కాడికే పోతాండాయి."