నేను రద్దు చేసిన గోలు

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే ఇరవై రెండు మంది బురదలో పడి లేవడమని మాత్రమే నాకు తెలుసు. (ఇప్పటికీ దాదాపు అంతే.) పరాయి దేశంలో, వాటర్‌ఫోర్డ్ అనే ఊళ్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేనూ, నాతో పనిచేసే కరీంనగర్ అన్నా ఒక పెద్దాయన ఇంట్లో అద్దెకుండేవాళ్లం. ఆ నెలాఖరుతో లీజు అయిపోతుంది, ఊళ్లో మరో ఇల్లు దొరకదు. కాబట్టి పెద్దాయన ఏమడిగినా కాదనలేని స్థితి. ఆయన అట్టడుగు డివిజన్‌లో, అందులోనూ అట్టడుగున ఉన్న జట్టుకు మేనేజరు. ఆ సీజన్‌లో ఆడిన ప్రతి ఆటా ఓడారు. ఒకసారి అవతలి జట్టు అసలు రాలేదు. ఊరికే వచ్చే ఆ గెలుపును కూడా, వీళ్లు తప్పు మైదానానికి వెళ్లి పోగొట్టుకున్నారు.

ఆఖరి ఆటనాడు లైన్స్‌మన్‌కు జ్వరం. పెద్దాయన నా చేతిలో పసుపు జెండా పెట్టి, "బంతి గీత దాటితే ఎత్తు. అంతే, గ్రాండ్!" అన్నాడు. అక్కడ 'సరే'కీ, 'బాగుంది'కీ అదే మాట. ఆఫ్‌సైడ్ అనేదొకటి ఉందని, దానికి జెండా ఎత్తితే గోలు చెల్లదని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చివరి నిమిషం దాకా ఎవరికీ గోలు లేదు. అప్పుడు మా జట్టులో ఆడే, నలభై దాటిన మా వీధి పోస్ట్‌మన్ జారిపడుతూ తన్నిన బంతి, గోల్‌కీపర్ కాళ్ల సందులోంచి లోపలికి దూరింది! నేను ఎగిరి గంతేశాను. క్రికెట్ చూసి పెరిగిన చెయ్యి కదా, జెండా దానంతటదే లేచి గిరగిరా తిరిగింది. రిఫరీ విజిల్ ఊది, నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి గబగబా ఏదో అడిగాడు. ఆ యాసలో ఒక్క ముక్కా అర్థం కాలేదు. గోలు ఎలా ఉందంటున్నాడేమో అనుకుని "గ్రాండ్!" అన్నాను. ఆయన తలూపి వెళ్లి గోలు రద్దు చేశాడు.

"అరే, జెండ ఎందుకు లేపినవ్‌రా?" గట్టు మీంచి అరిచాడు అన్న.

"సంతోషంతో అన్నా!"

"నీ సంతోషం సల్లగుండ! ఇగ సామాన్లు సర్దుకుందాం పా."

పరుగెత్తి రిఫరీకి నిజం చెప్పేశాను. "లైన్స్‌మన్‌కు సంతోషం ఉండకూడదయ్యా," అన్నాడాయన, విచారంగా. కానీ ఊదిన విజిల్‌ను వెనక్కి తీసుకోలేదు; ఆట అలాగే సున్నా-సున్నాగా ముగిసింది.

పెద్దాయన కారులో ఇంటికి బయలుదేరాం. అన్నే గొంతు తగ్గించి లీజు సంగతి కదిపాడు.

"ఉండండి, ఎక్కడికి పోతారు?" అన్నాడు పెద్దాయన. "ఈ సీజన్‌లో ఓడకుండా ఇంటికి వెళ్లడం ఇదే మొదలు. పైగా మా గోలు చూసి లైన్స్‌మన్ గంతేయడం నా జీవితంలో చూడలేదు." చెయ్యి చాపి, "జెండా మాత్రం ఇచ్చెయ్," అన్నాడు.

ఇప్పుడు అదే దేశంలో, గాల్వేలో ఉంటున్నాను. ఆఫ్‌సైడ్ నియమం కంఠతా వచ్చు. మా అమ్మాయి స్కూలు జట్టులో గోలు కొడితే, గీతకు ఇవతల నిలబడి మర్యాదగా చప్పట్లు కొడతాను. "డాడ్, యు ఆర్ ఫియర్స్ క్వయట్," అంటుంది అచ్చం ఇక్కడి యాసలో, నేను మరీ నిశ్శబ్దంగా ఉంటానని. నా బదులు, ఆనాడు జెండా తిప్పిన ఆ వాటర్‌ఫోర్డ్ కుర్రాడు వచ్చి ఉంటే పిల్ల ఇంకా సంతోషించేదేమో అనుకుని, నాలో నేనే నవ్వుకుంటాను.