నిచ్చెనక్క చేసిన చెక్క అరలు

పొడుగు మనిషి కావడంతో వీధిలో అందరూ ఆమెను నిచ్చెనక్క అనేవారు. స్కూలు వ్యాను నడిపేది. వ్యానుకు ఏ చిన్న రిపేరొచ్చినా తనే పానా పట్టుకునేది. అందుకే బాత్రూములో సబ్బులూ షాంపూలూ నేలమీద పడుండి కాళ్ళకి అడ్డమొస్తుంటే, వడ్రంగిని పిలవాలన్న ఆలోచన కూడా రాలేదు.

బడికి సెలవులివ్వగానే టేకు చెక్కలు తెచ్చుకుని పెరట్లో పీటేసుకు కూర్చుంది. అరల అంచులకు అలల్లాగా వంపులు కోసింది. గరుకు కాగితంతో నున్నగా రుద్ది, నీళ్ళకు ఉబ్బకుండా పూత మీద పూత వార్నిష్ వేసింది. టైల్సు పగలకుండా మెల్లగా కన్నాలు పెట్టి గోడకు బిగించింది.

"కొట్లో కొన్నట్టుందే!" అన్నాడు భర్త. అతని నోట మెచ్చుకోలు రావడమంటే అమావాస్యనాడు చంద్రుడు కనబడటమే.

"బాగుందమ్మా," అంది అత్తగారు కూడా.

కానీ ఆవిడ సబ్బు మాత్రం కుళాయి కింద నేలమీదే ఉండేది. కోడలు తీసి అరలో పెడితే, మర్నాటికి మళ్ళీ నేలమీదికే దిగేది. ఇంత కష్టపడి చేస్తే ఈ మొండితనమేమిటని కోడలు లోపల్లోపలే ఉడికిపోయింది. చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తయ్యా, నచ్చకపోతే చెప్పండి, పీకేస్తాను."

"నచ్చకేం? చెయ్యి పైకి లేవట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచీ. భుజం పట్టేసింది. జడ మానేసి ముడి చుట్టుకుంటున్నా, చూళ్ళేదూ?"

చూడలేదు. వ్యానెక్కే ప్రతి పిల్ల రిబ్బనూ గుర్తుపట్టే మనిషికి ఇంట్లో మనిషి జడ కనబడలేదు.

"నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"అంత ముచ్చటపడి నీ ఎత్తుకి పెట్టుకున్నావు. ఏమని చెప్పను?"

ఆ సాయంత్రమే అరలు ఊడదీసింది. అత్తగారిని గోడ పక్కన నిలబెట్టి, నొప్పి లేకుండా చెయ్యి ఎందాకా లేస్తే అక్కడ పెన్సిలు గీత గీసింది. అది సరిగ్గా తన నడుము దగ్గరికొచ్చింది. అరలు అక్కడే బిగించి, పాత కన్నాల్లో తెల్ల సిమెంటు కూరింది. రంగు కలవక మచ్చలు అలాగే మిగిలాయి.

"ఇకనుంచి సబ్బుకోసం నేను వంగాలా?" అని భర్త సణిగాడు.

"వంగండి, పొట్ట తగ్గుతుంది."

అక్కడితో ఊరుకోలేదు. భుజానికి వ్యాయామం చేయించే చోటికి అత్తగారిని వ్యానులోనే తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. చెయ్యి పూర్తిగా లేవలేదుగానీ నొప్పి చాలా తగ్గింది. ఆవిడ మాత్రం ముందు సీట్లో కూర్చుని, బ్రేకు ఎక్కడ వెయ్యాలో దారిపొడుగునా చెబుతూనే ఉంటుంది.